సందులు పూడ్చిన బెంచీ

ప్రతి శనివారం పొద్దున్నే డ్యూటీకి పోయే ముందు నేను మా గది ముందు గొంతుక్కూర్చుని, బెంచీ చెక్కల మధ్య సందుల్లో ఇరుక్కున్న చెత్త తీస్తుంటాను. అందుకు నేను వాడేది మగ్గం మీద తెగిన దారాన్ని లాగే సన్నటి ఇనుప హుక్కు. గల్లీలో పోయేవాళ్ళు ఊరుకుంటారా? "ఏం రాజమల్లన్నా, డ్యామేజ్ ఏరుతున్నవా?" అని నవ్వుతారు. నవ్వనీ. వాళ్ళకి ఆ హక్కుంది. రెండేళ్ళ కింద ఇవే సందుల్ని సుత్తితో కొట్టి మరీ పూడ్చిన మహానుభావుణ్ణి నేనే.

ముందు నా సంగతి చెప్పాలి. మాది సిరిసిల్ల పక్కన ఒక పల్లె. ఎనభై మూడులో సూరత్ వచ్చాను. పాండేసరాలో ఒక కార్ఖానాలో పన్నెండు మరమగ్గాలు నడుపుతాను. వడోద్‌లో చాలీలో, అంటే ఒకే వరసలో కట్టిన ఇరవై గదుల్లో ఒకదాంట్లో, నేనూ మా భాగ్యలక్ష్మీ మా పిల్ల సంధ్యా ఉంటాం. నాకు బీపీ లేదు, షుగర్ లేదు. ఉన్న జబ్బు ఒక్కటే. "నాకు తెల్వదు" అనే మాట నోట్లోంచి రాదు. పక్కింటి పిల్లకు జ్వరమొస్తే మందు నేనే చెప్తాను. నల్లా లీకైతే ఎందుకైందో నేనే చెప్తాను, అది లీకవుతూనే ఉంటుంది. పక్క గది కనకయ్య మా భాగ్యను అడిగేవాడు, "చెల్లే, మీ రేడియోకు బందు జేసే బటన్ లేదా?" అని. "పెండ్లినాడే ఊడిపోయిందన్నా" అనేది ఆమె.

తొంభై ఏడు ఎండాకాలం చివర్లో మా పోశమ్మక్కను ఊరి నుంచి తెచ్చుకున్నాను. నాకు తొమ్మిదేళ్ళప్పుడు అమ్మా నాయినా ఒకరి వెనక ఒకరు పోతే నన్ను పెంచింది అక్కే. బావ పెళ్ళయిన నాలుగేళ్ళకే పోయాడు, పిల్లల్లేరు. బీడీల చాట ఒళ్ళో పెట్టుకుని ముప్పై ఏళ్ళు నేల మీద మఠం వేసుకుని కూర్చుంది. అలా కూర్చునీ కూర్చునీ మోకాళ్ళు అరిగిపోయాయి. నేల మీద కూర్చుంటే ఇద్దరు పట్టుకుని లేపాలి. ఇక ఊళ్ళో ఒక్కతే ఎందుకు, నా దగ్గరే ఉండిపొమ్మని తెచ్చాను. నా మనసులో ఉన్నది అదొక్కటే, అక్క ఇక తిరిగి పోకూడదు.

అక్క పది రోజులు చూసింది. మా చాలీలో సాయంత్రమైతే ఆడవాళ్ళంతా గదుల ముందు జానెడెత్తు గట్ల మీద చీరలు పరుచుకుని, రంగు రాళ్ళు అంటిస్తూ, లోకం మీదున్న కబుర్లన్నీ చెప్పుకుంటారు. అక్క లోపల ఇనుప మంచం మీద కూర్చుని ఆ నవ్వులు వింటూ ఉండేది. పదకొండో రోజు నన్ను పిలిచింది.

"తమ్మీ, నన్ను గీ మంచం మీద గూసోబెట్టి గోడ సూడుమంటవా? ఊర్లె అయితే బడి ముంగట సిమెంటు గద్దె ఉన్నది. పొద్దుమీకి ఆడ గూసుంట, నలుగురు మాట్లాడుతరు. ఈడ బయట గూసునే జాగ ఉంటే ఉంట. లేకుంటే పున్నమి నాడు నీకు రాఖీ గట్టి బండెక్కుత."

"జాగా ఏం పెద్ద పని అక్కా? చూస్తుండు" అన్నాను. నా రేడియో ఆన్ అయింది.

మొదట కనకయ్య ఇంటి ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి వేశాను. గల్లీలో బండలు ఎగుడుదిగుడు. అక్క కూర్చోగానే కుర్చీ కాళ్ళు నాలుగూ నాలుగు దిక్కులకు జారబోయాయి. "వామ్మో, గిది ఊగుతున్నదిరా, నా గుండె దడదడ గొట్టుకుంటున్నది" అని రెండు చేతులతో గోడ పట్టుకుంది. కనకయ్య మా ఇద్దరినీ చూసి కుర్చీని చంకలో పెట్టుకుని పోయాడు.

చెక్క బెంచీ చేయించాలని తీర్మానించాను. ఉధనా రోడ్డు పక్కన కాంతిభాయ్ అని ఒక ముసలి వడ్రంగి ఉన్నాడు. కూలగొట్టిన పాత ఇళ్ళ టేకు చెక్కలు అతని దగ్గర ఉంటాయి. వానలకూ ఎండలకూ నిలిచేది పాత టేకే అన్నాడు. సరే అన్నాను. తర్వాత పెన్సిల్ చెవిలోంచి తీసి, కూర్చునేదెవరని అడిగాడు, "బైఠనే వాలా కౌన్?"

"మా అక్క."

"అయితే ఆమెను ఒకసారి తీసుకురా. లేదంటే మడమ నుంచి మోకాలి దాకా దారంతో కొలిచి తే."

దారంతో కొలవడం నాకు చెప్పాలా? నేను చేసేదే దారం పని. "కొలత నాకు తెలుసు, రాసుకో" అని అతని స్టూలు మీద కూర్చుని నా కాలు చాపాను. నేను ఆరడుగులకు రెండంగుళాలు తక్కువ. మా అక్క నా భుజానికి కూడా రాదు. పెద్ద మనిషి కూర్చునే బెంచీ ఎత్తుగా, దర్జాగా ఉండాలని నా ఉద్దేశం.

కాంతిభాయ్ నా కాలు చూశాడు, నా మొహం చూశాడు, రాసుకున్నాడు. చెక్కకూ చెక్కకూ మధ్య చిటికెన వేలు పట్టేంత సందు వదులుతానన్నాడు. వాన నీళ్ళు నిలవకుండా దిగిపోవాలి, చెక్క తడిసి ఉబ్బితే దానికి కొంచెం జాగా కావాలి అన్నాడు. నేను తలూపాను. ముసలాయన చెక్క మిగుల్చుకుంటున్నాడని లోపల నవ్వుకున్నాను.

బెంచీ వచ్చింది. పొడుగ్గా ఐదు చెక్కలు, మధ్యలో నాలుగు సందులు. గది ముందు పెట్టి చూశాను. నా కడుపు మండిపోయింది.

నేతపని చేసేవాడికే ఆ మంట అర్థమవుతుంది. ఊళ్ళో ఉన్నప్పటి నుంచీ, ఇరవై ఏళ్ళుగా నా బతుకంతా గుడ్డలో సందు పడకుండా చూసుకోవడమే. అడ్డదారం ఒక్కటి తెగి, మగ్గం ఆపేలోపు వెంట్రుకంత సందు పడితే చాలు, చెకింగ్‌వాడు గుడ్డను లైటు ముందు పట్టి, వేలు పెట్టి చూపించి, మీ అమ్మను కూడా తలుచుకుని, ఆ తాకాను, అంటే ఆ గుడ్డ చుట్టను, నీ మొహాన కొడతాడు. అలాంటి నాకు నా గది ముందే, నలుగురూ చూసేచోట, వేలు దూరే సందులు నాలుగు! సూరత్ మొత్తంలో ఇంత డ్యామేజ్ మాల్ నేను చూడలేదు.

కనకయ్య వచ్చి వంగి బెంచీ కిందికి చూశాడు. "రాజమల్లూ, గీ సందులకెళ్ళి నీ ఇజ్జత్ కింద వడ్డట్టుంది, ఏరుకో" అన్నాడు.

అంతే. ఆదివారం నాడు కార్ఖానాలో పడేసిన మిషన్ పెట్టె పగలగొట్టి, దాని మామిడి చెక్కను సన్నటి బద్దలుగా చీల్చాను. ఒక్కో బద్దను సందులో పెట్టి సుత్తితో దిగగొట్టాను. ఇంకా ఎక్కడైనా సన్నటి గీత కనిపిస్తే వేస్టు నూలు మగ్గం నూనెలో ముంచి కూరాను. మగ్గానికి రోజూ నూనె పెడతాం, ఇరవై ఏళ్ళు నడుస్తుంది, బెంచీ మాత్రం ఎందుకు నడవదు అని బెంచీ మొత్తానికీ అదే నూనె పట్టించాను. బెంచీ ఎక్కడికి నడవాలో మాత్రం ఆలోచించలేదు.

బెంచీ చెప్పిననాడు నాతో దుకాణానికి వచ్చిన సంధ్య పక్కన నిలబడి చూస్తోంది. "పప్పా, సందు ఉండాలె అని కాంతికాకా చెప్పిండు నా?" అంది.

"నువ్వు హోంవర్క్ చేసుకో" అన్నాను. తెలియనివాళ్ళ నోరు మూయించడంలో నాకు మంచి అనుభవం ఉంది.

సాయంత్రం అక్కను చెయ్యి పట్టుకుని తెచ్చి కూర్చోబెట్టాను. ఆమె కాళ్ళు నేలకు బెత్తెడు పైన వేలాడుతున్నాయి. "ఎట్లుందక్కా?" అన్నాను. "మంచిగున్నది తమ్మీ" అంది. నేను పొంగిపోయాను. మా అక్క నేనేది ఇచ్చినా అదే మాట అంటుందని అప్పటికి నాకు తట్టలేదు. లేచి లోపలికి పోతుంటే ఆమె చీర వెనక నాలుగు నల్లటి చారలు అచ్చు పడ్డాయి. ఆ నూనె మరకలతో భాగ్య రెండు రోజులు కుస్తీ పట్టింది, మరకలే గెలిచాయి.

తర్వాత వానలు మొదలయ్యాయి. సూరత్ వాన మొదలైతే మన మాట వినదు. మామిడి బద్దలు వారం రోజులు కడుపు నిండా నీళ్ళు తాగాయి. బెంచీ నడుమ కొంచెం పైకి లేచింది. "చెక్క కండ పడుతున్నది" అని నేను కనకయ్యకు వివరించాను. ముందు వైపు చెక్క బయటికి జరిగింది, దాని మేకులు తలలెత్తాయి.

"ఆ మేకులు లేస్తున్నయ్, జర సూడరాదయ్యా" అంది భాగ్య.

సుత్తితో కొట్టాను. మర్నాడు మళ్ళీ లేచాయి. మళ్ళీ కొట్టాను. నేను దినాం కొడుతున్నాను, అవి దినాం లేస్తున్నాయి. ఎవరికి సిగ్గు లేదో ఇప్పుడు ఆలోచిస్తే తెలుస్తోంది.

పున్నమి ఇంకో వారం ఉంది. ఒక రోజు నాకు సెలవు. వాన తెరిపిచ్చింది. అక్క బయట కూర్చుంది. కాళ్ళు నేలకు అందక, తిమ్మిరెక్కి, ఎప్పట్లాగే జరుగుతూ జరుగుతూ బెంచీ ముందు అంచుకు వచ్చింది. కాలి వేళ్ళు నేలకు ఆనించాలని ఆమె తిప్పలు. బరువంతా ముందున్న ఆ ఒక్క చెక్క మీదే పడింది. మేకులు ఊడాయి. చెక్కతో సహా అక్క ముందుకు పడిపోయింది.

నేను అక్కడే ఉన్నాను. కనకయ్యకు బెంచీ చేయించుకోవడం గురించి సలహా ఇస్తున్నాను.

కుడి మణికట్టు వాచింది. పిక్క మీద మేకు గీరుకుని రక్తం వచ్చింది. డాక్టరు దగ్గరికి ఆటోలో తీసుకుపోతే ఎముక విరగలేదన్నాడు, సూది వేసి కట్టు కట్టాడు. దారిలో అక్క కట్టును కొంగుతో కప్పుకుని కూర్చుంది. నన్ను తిడితే బాగుండునని దేవుడికి మొక్కాను. ఇంటికొచ్చి మంచం మీద కూర్చున్నాక అడిగింది, "మన దిక్కు పోయే బండి ఏ వారం ఉన్నది?"

"అక్కా, బెంచీ మళ్ళ మంచిగ చేపిస్త."

"వద్దు తమ్మీ. పున్నమి నాడు రాఖీ గడత. అది దాటిన ఆదివారం నన్ను బండెక్కియ్యి. నడుము ఇరిగి మంచంల వడితే భాగ్య ఎన్నొద్దులని ఎత్తుతది? దాని బతుకు దానికి లేదా?"

భాగ్య వంటగట్టు దగ్గర అటు తిరిగి కళ్ళు తుడుచుకుంది. నాకు చెప్పు తీసి నా నెత్తి మీద నేనే కొట్టుకోవాలనిపించింది. నన్ను పెంచిన మనిషిని నేనే కింద పడేశాను. అదీ నా తెలివితో.

మర్నాడు వానలో ఊడిన చెక్క భుజాన పెట్టుకుని, వడోద్ నుంచి ఉధనా రోడ్డు దాకా నడిచాను. తెలిసినవాళ్ళు ఆరుగురు కనిపించారు. ఆరుగురూ అడిగారు. కాంతిభాయ్ చెక్క అంచున అంటుకున్న నల్లటి నూలు పీకి, వాసన చూసి, "మగ్గం నూనె?" అన్నాడు. నేను తలూపాను. చెక్కను పక్కన పెట్టి, కళ్ళజోడు తీసి, కడుపు పట్టుకుని నవ్వాడు. నవ్వడం అయిపోయాక మళ్ళీ అదే ప్రశ్న, "బైఠనే వాలా కౌన్? ఈసారన్నా చూపిస్తావా?"

"నాకేం తెలియదు కాంతిభాయ్. మీరే వచ్చి చూడండి" అన్నాను. ఆ మాట అన్నందుకు నా నాలుక ఊడిపడలేదు. అప్పటిదాకా ఊడిపోతుందనే అనుకున్నాను.

అతను సాయంత్రమే వచ్చాడు. అక్కను మంచం అంచున కూర్చోబెట్టి, కాలు తిన్నగా పెట్టమన్నాడు. "అత్తమ్మా, కాలు సీధా పెట్టు, కాకా మాప్ తీసుకుంటుండు" అని సంధ్య చెప్పింది. మడమ నుంచి మోకాలి మడత దాకా దారం పట్టి ముడి వేశాడు. లేవడానికి చెయ్యి ఎక్కడ ఆనిస్తావని అడిగి, అక్కడికి ఇంకో దారం పట్టి ఇంకో ముడి వేశాడు. అక్క ఆ దారం వంకే చూస్తోంది. ఆమె కళ్ళలోంచి బొటబొటా నీళ్ళు కారాయి. మణికట్టు నొప్పేమో అనుకుని నేను మాత్ర తేవడానికి పరిగెత్తాను.

రెండు రోజుల్లో కాంతిభాయ్ బెంచీ బాగు చేశాడు. నేను దిగగొట్టిన బద్దలన్నీ ఉలితో పీకేశాడు. కాళ్ళు కోసి ఎత్తు తగ్గించాడు. మేకులు తీసేసి స్క్రూలు బిగించి, వాటి తలలు చెక్కలోకి దించాడు. అంచులు గుండ్రంగా చెక్కి, పట్టుకుని లేవడానికి రెండు పక్కలా చేతికొయ్యలు పెట్టాడు. కాళ్ళు వాన నీళ్ళలో నిలవకుండా కింద రాతి బిళ్ళలు వేశాడు. వానలు పోయి చెక్క బాగా ఆరాక అవిసె నూనె పల్చగా పట్టించమన్నాడు, స్క్రూలు నెలకోసారి చూసుకోమన్నాడు, సందుల్లో చెత్త చేరనివ్వొద్దన్నాడు. పోతూ పోతూ వెనక్కి తిరిగి, "మగ్గం నూనె డబ్బా ఈ బెంచీకి కనబడొద్దు" అని వేలెత్తి చెప్పాడు. ఈసారి నేను ఏమీ వివరించలేదు. చాలీ అంతా ఆశ్చర్యపోయింది.

అక్క మాత్రం దాని వంక చూడలేదు. సంచి సర్దుకుంది. మూడు రోజులు బెంచీ ఖాళీగానే ఉంది. దాని మీద కనకయ్య ఒకసారి కూర్చోబోతే భాగ్య కోపంగా చూసింది, వెనక్కి తగ్గాడు.

నూలు పున్నమి, అదే రాఖీ పున్నమి, వచ్చింది. మా నేతవాళ్ళకు పెద్ద పండుగ. పొద్దున్నే కొత్త జంధ్యం వేసుకున్నాను. మార్కండేయస్వామి ఊరేగింపు మా గల్లీ మీదుగా పోతుందని అందరూ గదుల ముందు ముగ్గులేశారు. వాన ఒక్కటే దంచి, ముగ్గులన్నీ కడిగి, ఆగిపోయింది. నేను బయటికొచ్చి బెంచీ చూశాను. చెక్కల మీద నీటి చుక్కలే తప్ప మడుగు లేదు. నీళ్ళన్నీ ఆ నాలుగు సందుల్లోంచి కిందికి దిగిపోయాయి. కండువాతో తుడిస్తే ఆరిపోయింది. ఇంత చిన్న సంగతి కోసమా నేను అంత సుత్తి అరగదీసింది!

అక్క రాఖీ పళ్ళెంతో గడప దాకా వచ్చింది. ఎప్పుడూ నేను పీట మీద కూర్చుంటే ఆమె వంగి కట్టేది. ఇప్పుడు వంగలేదు.

"ముంగట నువ్వు గూసో" అంది.

కూర్చున్నాను. అక్క కొలతకు చేసిన బెంచీ కదా, నా మోకాళ్ళు గడ్డం దాకా వచ్చాయి. గల్లీలో ఆడవాళ్ళంతా చీర కొంగులు నోట్లో కుక్కుకున్నారు.

"ఊగుతలేదు గద?"

"ఊగుతలేదక్కా."

"జారుతలేదు గద?"

"జారుతలేదే, వచ్చి గూసో."

వచ్చింది. చేతికొయ్య పట్టుకుని మెల్లగా కూర్చుంది. రెండు మడమలూ నేలకు ఆనాయి. సూరత్ వచ్చాక అక్క బయట కాళ్ళు నేల మీద ఆనించి కూర్చోవడం అదే మొదటిసారి. నా చేతికి రాఖీ కట్టింది. నోట్లో మిఠాయి పెట్టింది. తర్వాత చేతికొయ్య మీద ఎడమ చెయ్యి ఆనించి తనంతట తానే లేచింది. మళ్ళీ కూర్చుంది. మళ్ళీ లేచింది. డప్పులతో ఊరేగింపు గల్లీలోకి వచ్చినా ఆమె బెంచీ వంకే చూస్తోంది. "వదినా, ఊరేగింపు అటు పోతున్నది, ఇటు గాదు సూసేది" అని భాగ్య నవ్వింది. అక్క కూడా నవ్వింది.

డప్పులు దూరం పోయాక అడిగాను. "మొన్న కాంతిభాయ్ దారం పట్టినప్పుడు ఎందుకేడ్చినవక్కా? నొప్పి లేసిందా?"

"నొప్పి గాదు తమ్మీ." కాసేపు బెంచీ చెక్క మీద అరచెయ్యి రాసింది. "నా వొంటికి ఎవ్వలన్న కొలత దీసుడు గదే మొదలు. నా రైకలు సుత అమ్మ ఆది మీదనే కుట్టిచ్చిన. ఆమె పోయినంక సుత గదే ఆది ఇచ్చుకుంట వచ్చిన. అమ్మ లావు, నేను బక్క. బుజాలు జారితే పిన్నీసు పెట్టుకున్న. గాయన ఎవ్వలో, భాష గూడ మనది గాదు, కింద గూసోని నా కాలు కొలిచె."

నేను అక్క భుజం వైపు చూశాను. పిన్నీసు ఉంది. చిన్నప్పటి నుంచీ అది నాకు తెలుసు. దాని చల్లదనం నా చెంపకు తగులుతుంటే ఆ భుజం మీదే నిద్రపోయేవాణ్ణి. అది ఆమె అలవాటనుకున్నాను. రోజుకు వందల మీటర్ల గుడ్డ నేస్తాను, వెంట్రుకంత సందు పడితే కనిపెడతాను, మా అక్క భుజం మీద పిన్నీసు ఎందుకుందో నలభై ఏళ్ళకు తెలిసింది. ఏడుపు ఆగలేదు. పండుగ పూట, అంతమంది ముందు, మోకాళ్ళ మీద తల పెట్టుకుని ఏడ్చాను. మోకాళ్ళు ఎలాగూ దగ్గరే ఉన్నాయి.

"సాల్లే, ఊకో. మగోనివి" అని అక్క నా వీపు తట్టింది. "బెంచీ మంచిగున్నది."

"ఎప్పుడు గట్లనే అంటవ్ గదా."

"ఇయ్యాల నిజంగ అంటున్న."

ఆదివారం వచ్చింది. అక్క సంచి తలుపు పక్కనే ఉంది. బండి సంగతి నేను ఎత్తలేదు, ఆమె ఎత్తలేదు. సాయంత్రం భాగ్యా నేనూ ఆమెను ఆటోలో ఎక్కించుకుని బజారులో టైలరు దగ్గరికి పోయాం. నేను నేసిన గుడ్డే, తెల్లది, ఇంటికి తెచ్చుకున్న ముక్క. టైలరు గుడ్డ తీసుకుని, ఆదికి పాత రైక ఇమ్మని చెయ్యి చాపాడు. అక్క అలవాటుగా సంచిలో చెయ్యి పెట్టి, అంచులన్నీ పీలికలైన అమ్మ ఆది రైక బయటికి తీసింది.

నేను అది ఆమె చేతిలోంచి తీసుకుని, మడిచి, మళ్ళీ సంచిలో పెట్టాను.

"టేపు తియ్ భాయ్" అన్నాను. "కొలత ఈమెదే."